చర్చి పక్కన క్లబ్బు

మా అక్క భర్త దేవదానం బావ టొరంటో దగ్గర పాస్టరు. మునిసిపల్ కమిటీ ముందు ఇంగ్లీషులో మాట్లాడటానికి మనిషి కావాలన్నాడు. ప్రసంగం మొదలుపెడితే గంటన్నర ఆపడు గానీ, ఆఫీసర్ల ముందు ఆయనకు నోరు పెగలదు. అందుకని నేను బయలుదేరాను.

ఒట్టావా శివారులోని మా కనాటాలో పొద్దున ఆరింటికి సిటీ బస్సు ఎక్కి, ఒట్టావా స్టేషన్లో ఎనిమిదిన్నర రైలు అందుకున్నాను. ఫిబ్రవరిలో ఆ హైవే మీద డ్రైవ్ చేయడం కంటే రైలే నయం. టికెట్ మాత్రం ముందుగా కొనాలి, ఆలస్యం చేస్తే ధర మండిపోతుంది. రైల్లో అమ్మే శాండ్‌విచ్ చప్పగా ఉంటుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర కింగ్‌స్టన్ రాకముందే అయిపోయింది.

టొరంటోలో లోకల్ రైలు మారి రెండున్నరకు బ్రాంప్టన్‌లో దిగాను. అక్క పంపిన సంధ్య కారుతో ఎదురుచూస్తోంది. కరీంనగర్ అమ్మాయి. కాలేజీలో చదువుతూ ఒక వేర్‌హౌస్‌లో పార్ట్‌టైమ్ చేస్తోంది. ఆ ఏళ్ళలో ఇక్కడికి విమానాల నిండా మన పిల్లలే దిగేవారు, బేస్‌మెంట్లలో గదికి ఐదుగురు సర్దుకునేవారు. నువ్వూ చర్చికి వెళ్తావా అని అడిగాను.

"మేం హిందువులం అంకుల్. నేను దేవుని కోసం పోను, అన్నం కోసం పోత. వారమంతా బ్రెడ్డే. ఆదివారం ఆడ మనోళ్ళు కనవడ్తరు, తెలుగు ఇనవడ్తది."

చర్చి బ్రాంప్టన్ దాటాక ఒక చిన్న ఊళ్ళో ఉంది. చర్చి అంటే గోపురం, గంట ఏమీ లేవు. టైర్ల గోడౌన్ పక్కన అద్దెకు తీసుకున్న రేకుల హాలు. దానికి అవతల ఒక స్ట్రిప్ క్లబ్బు, ఆడవాళ్ళు బట్టలు విప్పి డాన్సు చేసే చోటు. బోర్డు మీద బొమ్మలు ఉండకూడదని రూలట, పేరు మాత్రమే ఉంది. ఇళ్ళ మధ్య కార్ల రద్దీ వద్దని చర్చిని, పరువు పోతుందని క్లబ్బును, ఊరు రెండింటినీ ఫ్యాక్టరీల వైపే తోసేసింది. తీరా అక్కడికి చేరాక, క్లబ్బుకూ ప్రార్థనా స్థలానికీ మధ్య ఇంత దూరం ఉండాలంటూ ఇంకో రూలు తీసింది. మునిసిపల్ కమిటీ మినహాయింపు ఇస్తే సరే, లేకపోతే నెలాఖరుకు హాలు ఖాళీ చేయాలి. యాభై అరవై మంది పట్టే చోటు మరొకటి దొరకలేదని అక్క రాత్రి అన్నం వడ్డిస్తూ చెప్పింది.

మర్నాడు పదింటికి మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాం. బావ, నేను, చర్చి పెద్ద సుందరం అంకుల్. మా వెనక వరుసలో యాభై దాటిన ఒకామె కూర్చుంది. క్లబ్బు నడిపే లిండా ఆమేనని బావ చెప్పాడు. అడ్డు చెప్పడానికే వచ్చిందనుకుని నేను నడుం బిగించాను.

ఆ దూరం రూలు మీ రక్షణ కోసమేనని కమిటీ అధ్యక్షురాలు మాకు మర్యాదగా వివరించింది. మాకు వాళ్ళ వల్ల ఇబ్బంది లేదన్నాను. లిండా లేచి, తనకూ అభ్యంతరం లేదంది. ఆదివారం ఉదయం తన పార్కింగ్ వీళ్ళకే ఇస్తున్నానని, వీళ్ళు మంచు కూడా తీసి పెడతారని చెప్పింది. తర్వాత ఒకే ప్రశ్న అడిగింది. చర్చికి అనుమతి వస్తే వచ్చే ఏడు నా లైసెన్సు సంగతేమిటి?

అధ్యక్షురాలి పక్కనున్న ఆఫీసరు కాగితాలు తిరగేశాడు. పక్కన చర్చి ఉందన్న సంగతి రెన్యూవల్ అప్పుడు లెక్కలోకి వస్తుందని, హామీ ఇవ్వలేనని అన్నాడు.

"నా దగ్గర పనిచేసేవాళ్ళు చిన్నపిల్లలు కారు, ఎవరూ బలవంతంగా తేలేదు" అంది లిండా. "వాళ్ళ బాగు కోరి ఏటా ఎవరో ఒకరు ఏదో ఒకటి మూసేస్తారు. ఏం కావాలని వాళ్ళను మాత్రం ఎవరూ అడగరు."

సుందరం అంకుల్ నా చెవిలో, ఒక్క దెబ్బకు రెండు పిట్టలు, దేవుడి కార్యం చూడు అన్నాడు. నాకూ అలాగే తోచింది. ఆ క్లబ్బు ఉండాలా పోవాలా అన్నది నేను తేల్చగలిగింది కాదు. నేను వచ్చింది హాలు కోసం.

బావ నా మోచేయి పట్టుకున్నాడు. ఆ క్లబ్బు మీద మేమెప్పుడూ ఫిర్యాదు చేయబోమని రాసిస్తాం, ఆమె లైసెన్సు జోలికి వెళ్ళకుండా అనుమతి ఇస్తారేమో అడగమన్నాడు. అడిగాను. అలాంటి షరతు పెట్టే అధికారం కమిటీకి లేదన్నారు.

"అయితే మన అప్లికేషన్ వెనక్కి తీసుకుంటున్నామని చెప్పు" అన్నాడు బావ.

నెలాఖరుకు వీధిలో పడతాం, ఒక్క రోజు ఆలోచించు అని గొణిగాను. సుందరం అంకుల్ ముఖం ఎర్రబడింది. బావ మా ఇద్దరికీ వినబడేలా అన్నాడు:

"ఆ క్లబ్బు పని పాపమే, నేను కాదనను. వాళ్ళు వేరే దారి చూసుకోవాలని రోజూ ప్రార్థన చేస్తున్నా. వాళ్ళు వింటే వింటారు, లేకపోతే లేదు. అంతేగానీ వాళ్ళ పొట్ట కొట్టి ఆ హాల్లో నిలబడి నేనేం వాక్యం చెప్పనురా? చెప్పు."

నేను లేచి అప్లికేషన్ వెనక్కి తీసుకుంటున్నామని ఇంగ్లీషులో చెప్పాను. అధ్యక్షురాలు మళ్ళీ అడిగి నిర్ధారించుకుని రాసుకుంది. సుందరం అంకుల్ మాతో రాకుండా టాక్సీ పిలుచుకున్నాడు. గుమ్మం దగ్గర లిండా ఏదో అనబోయింది. బావ తల వంచి నమస్కారం పెట్టి ముందుకు నడిచాడు.

భోజనం చేయకుండానే టొరంటో చేరి మూడున్నర రైలు ఎక్కాను. కాఫీ వేడిగానే ఉంది, తాగబుద్ధి కాలేదు. కిటికీ అవతల సరస్సు ఒడ్డున మంచు తప్ప ఏమీ లేదు. చీకటి పడుతుండగా అక్క ఫోన్ చేసింది. సంధ్య, ఇంకో నలుగురు పిల్లలు ఇంటికి వచ్చి, వచ్చే నెల నుంచి ఆదివారం ఎక్కడికి రావాలని అడిగారట. ఇంకా తెలియదమ్మా అని బావ చెప్పాడట. వాళ్ళు వెళ్ళాక గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడని, ఇంకా బయటికి రాలేదని అంది.

నాకు బావ మీద బాగా కోపం వచ్చింది. ఆయన స్థానంలో నేనుంటే హాలు తీసుకునేవాణ్ణి. రూలు పెట్టింది ఊరు, నేను కాదు కదా అని హాయిగా నిద్రపోయేవాణ్ణి కూడా. ఒట్టావా వచ్చేదాకా అదే అనుకుంటూ కూర్చున్నాను. బావకు ఫోన్ చేసి ఆ మాట అనడానికి మాత్రం నాకు ధైర్యం చాలలేదు.