సుంకమ్మ మేడం పాత వల

మొన్న గుమ్మఘట్టలో మా తమ్ముడు చేనిలో బోరు వేయిస్తుంటే దగ్గరుండి చూశాను. పొద్దుటి నుంచీ తెల్లటి రాతిపొడి తప్ప ఏమీ రాలేదు. మధ్యాహ్నానికి ఆ పొడి కాస్త తడిసి, బూడిదరంగు ముద్దలుగా పైకి చిమ్మింది. చుట్టూ చేరిన జనం ముందుకు తోసుకొచ్చారు. నేను మాత్రం వంగి గుప్పెడు తీసుకుని, వేళ్ళ మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఎన్నడూ ఎండ తగలని చల్లటి మట్టి వాసన. మా తమ్ముడికి ఒళ్ళు మండింది. "ఏమన్నా, ఈడ నా పానం పోతాంటే నువ్వు మన్ను వాసన చూస్తాండావా?" అన్నాడు. చివరికి రెండించుల నీళ్ళు పడ్డాయి, వాడి ముఖం తేటపడింది. అందరూ నీళ్ళ గురించి మాట్లాడుకుంటుంటే నేను ఆ మట్టి చేత్తోనే ఒక పక్కన కూర్చుండిపోయాను. అలాంటి వాసన మొదటిసారి చూసింది నడిసముద్రంలో, ఓడ డెక్ మీద, మా సుంకమ్మ మేడం పక్కన నిలబడి.

మేడం నాకు పై అధికారి. సముద్రం అడుగున నేల మీద బతికే జీవులను పరిశోధించే సంస్థలో పెద్ద శాస్త్రవేత్త. ఊరు విడపనకల్లు. కోస్తా వాళ్ళు నిండిన ఆ ఆఫీసులో కరువుసీమ ఆడమనిషి సముద్రం సంగతి చెప్పడం కొందరికి వింతగా ఉండేది. మేడం వాళ్ళకు ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేవారు. "మా ఊర్లో నీళ్ళు ఎప్పుడూ అడుగునే ఉంటాయి. అడుక్కు చూసేది మాకు పుట్టుకతోనే వస్తాది." పేరు కాస్త కుదించి నాజూగ్గా పెట్టుకోవచ్చు కదా అని ఎవరో సలహా ఇచ్చారట. "సుంకమ్మ మా ఊరి దేవర. దేవర పేరు కత్తిరిస్తారా ఎవురన్నా?" అన్నారట. 

ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు మిగతావాళ్ళు నన్ను పుస్తకాల్లోంచి అడిగారు. మేడం అడిగింది వేరు. "ఏ ఊరప్పా?" అన్నారు. గుమ్మఘట్ట అన్నాను. "అట్లయితే కన్నడం గూడా వస్తాది నీకు. సముద్రం ఎప్పుడన్నా చూసినావా?" లేదని చెప్పడానికి సిగ్గేసింది. చెప్పాను. "మంచిదే. చూసినోళ్ళకు అంతా తెలిసినట్లే ఉంటాది" అని మేడం కాగితం తిప్పేశారు. ఆ పూటే నా పని ఖాయమైంది. ఆమె ఊరి వాసన చూసి తీసుకున్నారని వెనక అనుకున్నవాళ్ళు లేకపోలేదు. అనుకోనీ, నాకేం.

ఆమె జీవితమంతా ధారపోసిన పని గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. సముద్రంలో ఒక చోటు ఉంది. పైకి చూస్తే దానికి ఏ గుర్తూ లేదు, అంతా నీళ్ళే. దాని కింద కిలోమీటర్ల లోతున చీకటి నేల. ఏడాది విడిచి ఏడాది మేడం అక్కడికి వెళ్ళి ట్రాల్ దింపించేవారు. ట్రాల్ అంటే ఇనుప చట్రానికి కట్టిన పెద్ద సంచిలాంటి వల. పొడవాటి ఉక్కుతీగతో దాన్ని అడుగుకు దింపి, నేల మీద మెల్లగా కొంతసేపు ఈడ్చి, పైకి లాగుతారు. దింపి లాగేసరికి పగలు కాస్తా గడిచిపోతుంది. పైకొచ్చిన బురదను జల్లెడల మీద కడిగితే జీవులు మిగులుతాయి. దోసకాయల ఆకారంలో మెత్తటివి, సన్నటి చేతుల నక్షత్రాలు, పురుగులు, గాజుపోగుల్లా మెరిసే స్పంజులు. కొత్తగా వచ్చినవాళ్ళు వింత జీవి ఏదైనా దొరుకుతుందని కళ్ళింత చేసుకుని చూసేవారు. "వింతలు కావాలంటే జాతరకు పోండి" అని మేడం విసుక్కునేవారు. ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ చీకటి నేల మీద బతుకు ఏళ్ళు గడిచేకొద్దీ పెరుగుతోందా, తరుగుతోందా? అది తెలియాలంటే ప్రతిసారీ అదే చోట, అదే వలతో, అదే వేగంతో, అంతే సేపు లాగాలి.

నా మొదటి ప్రయాణంలో బురద కడిగే పని నాకు అప్పగించారు. చేతికి గొట్టం ఇచ్చారు. కాస్త కడగడం, వెంటనే నీళ్ళు కట్టేయడం, చేత్తో కలియబెట్టడం, మళ్ళీ చెంబెడు వదలడం. ఎంతసేపటికీ బురద బురదలాగే ఉంది. పక్కనున్న కాకినాడ కుర్రాడు పగలబడి నవ్వాడు. "చుట్టూ సముద్రం పెట్టుకుని ఈ పొదుపేంటండీ?" అన్నాడు. నాకు అప్పటిదాకా నేను చేస్తున్నదేమిటో తెలియనే లేదు. బిందెడు నీళ్ళతో ఇంటిల్లిపాదీ పొద్దు గడిపే చోట పెరిగిన చెయ్యి, దానంతటదే గొట్టం కట్టేస్తోంది. మేడం వచ్చి చూసి నవ్వలేదు. "నేనూ మొదటిసారి ఇట్లనే చేసినానప్పా. మన చేతులకు సముద్రం అంటే నమ్మకం కుదరదు" అన్నారు. గొట్టం తీసుకుని, ధార సన్నగా పెట్టి, ఆపకుండా చాలాసేపు పోసి చూపించారు. జోరుగా పోస్తే నక్షత్రాల చేతులు విరిగిపోతాయి, పిసినారిగా పోస్తే బురద వదలదు. ఆ రోజు నుంచి డెక్ మీద నాకు ఆమె దగ్గర భయం పోయింది, ఇష్టం పెరిగింది.

ఆ వల సంగతిలో మాత్రం ఆమె మొండిఘటం. ఒకసారి మా సంస్థ కొత్త వల కొన్నది. తేలికైనది, గట్టిది, కన్నులు, అంటే అల్లికలోని సందులు, చిన్నవి. అందరికీ నచ్చింది. మేడం దాన్ని చేత్తో తడిమి, మంచి వలే అని మెచ్చుకుని, మూలన పెట్టించారు. పాతది చిరిగిన చోటల్లా అదే లావు దారంతో, అంతే కన్నులతో తానే కూర్చుని అల్లేవారు. ఓడ మీద పనివాళ్ళ దగ్గర నేర్చుకున్నారట. "కొత్తది ఎందుకు వద్దు మేడం?" అని అడిగాను. దారం పళ్ళతో తెంపుతూ, "కొత్తదాంట్లో ఎక్కువ పడతాయి. అప్పుడు పెరిగింది యాడ? సముద్రంలోనా, మన వలలోనా?" అన్నారు.

ఆ మొండితనానికి అసలు పరీక్ష తరువాత వచ్చింది. వరుసగా రెండు ప్రయాణాల్లో వలలో జీవులు పలచగా వచ్చాయి. మా మీద ఉన్న సమీక్ష సంఘం వాళ్ళు పెదవి విరిచారు. ఏమీ దొరకని చోటికి అంత పెద్ద ఓడను పంపడం దేనికి, ఈసారి కూడా ఇంతే అయితే ఈ పని ఇక్కడితో చాలించండి అన్నారు. ఒక్కసారి ఆగితే ఆ గొలుసు తెగినట్టే. మేడం ఇరవైలలో మొదలుపెట్టిన పని అది. అప్పటికి తల నెరిసింది, పదవీ విరమణ దగ్గర పడింది.

మూడోసారి బయలుదేరాం. వల పైకి వస్తుంటే అందరూ డెక్ అంచుకు చేరి తొంగిచూశారు. బురద జారిపోయాక చూస్తే అడుగున నాలుగు నక్షత్రాలు, ఒక నలిగిన దోసకాయ జీవి. వల ఎక్కడా చిరగలేదు. తీగ సరిగ్గా దిగింది. తప్పు ఎక్కడా లేదు, అసలు బాధ అదే. కెప్టెన్ గారు మంచివాడు, మేడం అంటే గౌరవం ఉన్నవాడు. దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "మేడం గారూ, ఒక్క పూట ఇటు పక్కకి పోతే వల నిండా వస్తాయండి. నాకు తెలుసు. ఇక్కడివే అని రాసుకోండి. ఈ లోతులో ఎవరొచ్చి చూస్తారు చెప్పండి?"

నాకూ పోదామనే ఉంది. "మేడం, ఈ ఒక్కసారికి..." అన్నాను. మేడం కోప్పడతారనుకున్నాను. ఆమె అక్కడే ఇనుపచట్రం మీద కూర్చున్నారు. "మా ఇంటి కల్లంలో సర్కారోళ్ళు వాన కొలిచే డబ్బా ఒకటి పెట్టింటిరి అప్పా" అని మొదలుపెట్టారు. "మా నాయన దినామూ పొద్దున్నే పోయి దాన్ని చూస్తాండె. వాన పడిన దినం సరే, మబ్బు గూడా లేని దినమూ పోతాండె. లోపల ధూళి తప్ప ఏముంటాది? అయినా చూసి, సున్న అని రాస్తాండె. ఊరోళ్ళు నగుతాండ్రి. ఏమప్పా, మొగం పైకెత్తితే తెలవదా వాన లేదని, దానికి డబ్బా ఎందుకు అని. మా నాయన ఏమనె తెలుసా? 'చూడకుండా సున్న రాస్తే అది అబద్ధం. చూసి రాస్తే నిజం. ఈ సున్నలు లేకపోతే రేపు వాన వస్తే ఎంత వచ్చిందని ఎట్ల చెప్తావు?' అనె." కెప్టెన్ వైపు తిరిగి, "మీరు నా మంచికే చెప్తాండారు. కానీ ఈ నాలుగే నేను రాసుకుంటా" అన్నారు.  ఆ నాలుగు నక్షత్రాలనూ ఎప్పటిలాగే సన్నటి ధార కింద, ఎంత ఓపిగ్గా కడిగారో చెప్పలేను.

సమీక్షలో పెద్దాయన ఒకరు చిరాకు పడ్డారు. ఖాళీ వల చూపించడానికి ఓడ కావాలా అన్నారు. "ఖాళీ అని మీకు తెలిసిందే ఆ ఓడ వల్ల కదా సార్" అన్నారు మేడం. "అడుగున కరువు వచ్చింది. ఎప్పుడు వచ్చిందో చూసినాము. ఎప్పుడు పోతుందో చూడకుండా లేచి వచ్చేస్తే, ఇన్నేళ్ళు చూసింది దేనికి?" గదిలో చాలాసేపు గుసగుసలు నడిచాయి. చివరికి ఇంకొక్క ప్రయాణానికి ఒప్పుకున్నారు, అదే ఆఖరుదని గట్టిగా చెప్పి మరీ. ఆ ప్రయాణం నాటికి మేడం పదవిలో ఉండరు. బయటికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. "నీ చేతిలో పెడతాండానప్పా" అన్నారు, అంతే. 

ఆ ఆఖరి ప్రయాణానికి సంస్థ వాళ్ళు కొత్త వలను కూడా ఓడెక్కించారు. ఏది దింపినా నన్ను అడిగేవాడు లేడు. చిన్న కన్నుల వల దింపితే ఏదో ఒకటి ఎక్కువే వస్తుంది, పని నిలబడుతుంది. రెండు వలలూ పక్కపక్కన పడి ఉంటే పొద్దున్నే వాటి ముందు నిలబడి చాలాసేపు లోలోపల తన్నుకులాడాను. ఆఖరికి పాతదే కట్టమన్నాను. కట్టేవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

వల నీళ్ళలోంచి పైకి తేలినప్పుడే తెలిసింది, బరువుగా ఉందని. బురదే అయి ఉంటుందని మనసుకు సర్దిచెప్పుకున్నాను. జల్లెడ మీద కడుగుతుంటే ఒక్కొక్కటే బయటపడ్డాయి, బొటనవేలంత దోసకాయ జీవులు, లేతవి, కుప్పలుగా. ఆ నేల మీద కొత్త తరం పుట్టింది. గొట్టం సంగతి మరిచి నీళ్ళన్నీ నా చొక్కా మీదే పోసుకున్నాను. కాకినాడ కుర్రాడు, ఇప్పుడు కుర్రాడేం కాదు, నన్ను గట్టిగా వాటేసుకున్నాడు.

రేవులో దిగగానే, పదవీ విరమణ తరువాత మేడం ఉంటున్న అనంతపురానికి ఫోన్ చేశాను. "మేడం, వల నిండా వచ్చినాయి!" అన్నాను. మేడం సంతోషం చూపించలేదు.

"ఏ వలప్పా?"

"పాతదే మేడం."

"యాడ?"

"మన చోటనే."

"ఎంతసేపు లాగినారు?"

"ఎప్పుడూ లాగేటంత సేపే మేడం."

  అవతల సన్నగా ఏడుపు వినబడింది. "అట్లయితే నిజంగానే వచ్చినాయప్పా" అన్నారు.

మేడం పోయి ఏడాది దాటింది. ప్రయాణాలు ఆగలేదు, ఆపమన్నవాళ్ళూ ఇప్పుడు లేరు. అడుగున కరువొచ్చిన ఏళ్ళు లెక్కలో ఉన్నాయి కాబట్టే కోలుకోవడం అందరికీ కనబడింది. వల బరువుగా వస్తే నా దగ్గర పనిచేసే పిల్లలు ఈలలు వేస్తారు, తేలిగ్గా వస్తే ముఖాలు వేలాడేస్తారు. ఎలా వచ్చినా నేను ముందు అడిగేవి ఆ మూడే. ఏ వల, ఎక్కడ, ఎంతసేపు? జవాబులు సరిగ్గా ఉంటే, నాలుగొచ్చినా నాలుగు వందలొచ్చినా అది మేడంకు ఫోన్ చేసి చెప్పదగ్గ మాటే. ఫోన్ ఎత్తడానికి ఆమె లేరు. అయినా ముందు ఆమెకే చెప్పుకుంటాను.