తొంభై నాలుగో లెవెల్

మా ఆయన పళ్లు చేస్తాడు. డాక్టరు కాదు. డాక్టరు పళ్లు పీకుతాడు, పీకిన చోట పెట్టుకునే పళ్లను మా ఆయన చేస్తాడు. పంటి ఆస్పత్రి వెనక పొడుగాటి గది, అందులో నలుగురు మనుషులు, బల్లల నిండా తెల్లటి ప్లాస్టర్ దవడలు. ఇరవై ఆరేళ్లుగా కిటికీ పక్క బల్ల ఆయనది. మైనంతో పన్ను చెక్కుతాడు, నచ్చదు, కరిగిస్తాడు, మళ్లీ చెక్కుతాడు. ఊళ్లో ముసలివాళ్లు సగంమంది నవ్వితే కనబడేది మా ఆయన పనితనమే. పేరు మాత్రం డాక్టరుది.

ఇంటికొచ్చాక ఇంకో పని ఉంది. దాన్ని ఆయన ఆట అంటాడు. ఎప్పుడో జపాను వాళ్లు తయారుచేసిన పాత వీడియో గేమ్. ఒక బూడిదరంగు పెట్టె, దాని నెత్తిన గుచ్చే క్యాసెట్టు, తెర మీద గోరంత మనుషులు నలుగురు. ఒకడు కత్తివీరుడు, ఒకతె మంత్రగత్తె, ఇంకొకతె వైద్యురాలు, నాలుగోవాడు దొంగ. లోకాన్ని చీకట్లో ముంచిన రాక్షసరాజును ఈ నలుగురూ కలిసి చంపాలి. అదీ కథ. దీనికి జపాను దాకా వెళ్లాలా? మా అమ్మమ్మ అన్నం తినిపిస్తూ ఇంతకన్నా మంచివి చెప్పేది.

పోనీ, చంపాల్సినవాణ్ణి చంపుతాడా అంటే అదీ లేదు. రాక్షసుడి కోట ఉత్తరాన ఉంటే మా ఆయన దక్షిణాన తిరుగుతాడు. పచ్చిక మీద ముందుకు పది అడుగులు, వెనక్కి పది అడుగులు. ఏ పురుగో ఏ తోడేలో అడ్డొస్తుంది. కొడతాడు. పిసరంత పాయింట్లు వస్తాయి. అవి పోగైతే లెవెల్ పెరుగుతుంది, చిన్న బాకా మోగుతుంది, మా ఆయన ముఖం వెలుగుతుంది. గానుగెద్దు నయం, అది తిరిగితే నూనైనా వస్తుంది.

పెళ్లైన కొత్తలో ముచ్చటపడి అడిగాను, "ఎప్పుడు చంపుతారండీ వాణ్ణి?" అని.

"ఇంకాస్త లెవెల్ పెరగనీ," అన్నాడు. అప్పుడు లెవెల్ నలభై ఒకటి.

ఆ తర్వాత మా అమ్మాయి పుట్టింది, నడిచింది, మాట్లాడింది, నాకే ఎదురు చెప్పే వయసుకు వచ్చింది. లెవెల్ తొంభై నాలుగుకు వచ్చింది. రాక్షసుడు మాత్రం నిక్షేపంగా ఉన్నాడు.

ఆ ఆటలో అమృతం అని ఒక మందు ఉంది. చావబోయేవాణ్ణి కూడా లేపి నిలబెడుతుంది, కానీ ఎక్కడోగాని దొరకదు. మా ఆయన దగ్గర పద్నాలుగు సీసాలున్నాయి. ఒక్కటీ వాడలేదు. మనుషులు చచ్చిపోతున్నా వాడడు, ముందుముందు అవసరం పడుతుందంటాడు. ఇంట్లోనూ ఇదే తంతు. పెట్టె విప్పని చొక్కాలు ఆరు బీరువాలో మగ్గుతున్నాయి. మా అక్క ఇచ్చిన గడియారం గుడ్డలో చుట్టి దాచాడు. ఆస్పత్రి ఇచ్చే సెలవుల్ని కూడా దాచుకునే మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

ఆదివారాలు ఇద్దరు వస్తారు. ఒకాయన మా ఆయన మేనత్త కొడుకు, బస్సు నడుపుతాడు. ఇంకొకాయనకు మందుల షాపు ఉంది. ముగ్గురికీ యాభై దగ్గరపడ్డాయి, ముగ్గురికీ తలా ఒక పొట్ట ఉంది. పెట్టె ఆన్ చేయగానే కీచుమని ఒక పాట వస్తుంది, చెవిలో దోమ దూరినట్టు. ముగ్గురూ మాటలాపేసి వింటారు. మందుల షాపాయన కళ్లు తుడుచుకోవడం నేను నా కళ్లతో చూశాను. సొంత మామగారు పోయినప్పుడు ఆయన కళ్లు పొడిగానే ఉన్నాయి.

"ఏముందండీ ఇందులో?" అని ఒకసారి ముగ్గుర్నీ నిలదీశాను.

"ఈ ఆట సత్రంలో ఒక్కసారి పడుకుంటే గాయాలన్నీ పోతాయి వదినా," అన్నాడు మందుల షాపాయన. "నా నడుంనొప్పి పదేళ్లుగా పడుకుంటున్నా పోవట్లేదు."

"అక్కడి ఊళ్లో ఒక ముసలాయన ఉంటాడు చెల్లాయ్," అన్నాడు బస్సు నడిపే అన్నయ్య. "ఎన్నిసార్లు పలకరించినా, 'ఉత్తరాన కొండ దారి, జాగ్రత్త నాయనా' అంటాడు. విసుక్కోడు. నా బస్సులో రెండోసారి అడిగితే నేనే కరుస్తాను."

"ఇందులో ఏదీ వృథా పోదు," అన్నాడు మా ఆయన. "చీమను కొట్టినా లెక్కలోకి వస్తుంది."

నేను పకపకా నవ్వాను. "చీమల్ని కొట్టడానికి మొగుడెందుకండీ, లక్ష్మణరేఖ గీస్తే చాలదూ?" అన్నాను. ఆ మాట నేనే నాలుగిళ్లలో చెప్పుకుని మరీ నవ్వించాను.

ఆ రోజే బస్సు నడిపే అన్నయ్య అసలు సంగతి చెప్పాడు. మా ఆయన పదిహేనేళ్లప్పుడు బంధువుల పిల్లలందరి ముందూ రాక్షసుడి మీదికి వెళ్లాడట. రెండో దెబ్బకే తెర మీద నలుగురూ పోయారట. పిల్లలంతా చప్పట్లు కొట్టి ఎగతాళి చేశారట. "నేను నలభయ్యో లెవెల్‌కే కొట్టేశాను," అన్నాడు అన్నయ్య. "నీది లక్కు బావా," అన్నాడు మా ఆయన. అంతటితో ఆ సంగతి ముగిసింది.

ఇక అసలు కథ. ఈ ఏడాది ఆ పళ్లు చేసే ల్యాబ్ ఇన్‌చార్జి రిటైరవుతున్నాడు. ఆయన తర్వాత అందరికన్నా పాతవాడు, పనిమంతుడు మా ఆయనే. అడగనిదే అమ్మైనా పెట్టదు కాబట్టి పెద్ద డాక్టరు ముందే చెప్పేశాడు, కావాలనుకున్నవాళ్లు శుక్రవారం లోపల తన గదికి వచ్చి ఒక మాట చెప్పాలని. నడవాలో ఇరవై అడుగులు, ఒక తలుపు, ఒక మాట. అంతే. ఈసారి రాకపోతే ఆ కుర్చీ ఆయనకు మళ్లీ రాదు. మా అక్కకు నేను అప్పుడే ఫోన్ చేసి వచ్చేసినట్టే చెప్పేశాను కూడా.

సోమవారం అడిగాను. "డాక్టరు గారు హడావిడిలో ఉన్నారు," అన్నాడు.

మంగళవారం అడిగాను. "కొత్త మెషిన్ మీద పళ్లకు తొడిగే క్యాప్‌లు చేయడం ఇంకా పూర్తిగా చేతికి రాలేదు. అది కాస్త పట్టుబడనీ," అన్నాడు.

"ఆ మెషిన్ వాడడం మిగతావాళ్లకు నేర్పింది ఎవరండీ?"

"నేనే. అయినా..."

బుధవారం ఒళ్లు మండిపోయి అరిచాను. "మీకు దమ్ము లేదు. పురుగుల్ని కొట్టుకుంటూ బతకడానికే పుట్టారు. కోటలోకి వెళ్లే ముఖం కాదు మీది." ఆయన వెళ్లి పెట్టె ముందు కూర్చుని పచ్చిక మీద తిరిగాడు. గురువారం, శుక్రవారం నేను మాట్లాడనే లేదు.

శనివారం మధ్యాహ్నం ఆయన క్షవరానికి వెళ్లినప్పుడు కొత్తమ్మాయి వచ్చింది. కొత్తమ్మాయి అంటే ల్యాబ్‌లో చేరి నాలుగేళ్లు, ముప్ఫై ఉంటాయి. మైనం కత్తి పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పింది మా ఆయనే. కూర్చోమంటే కూర్చోలేదు.

"వదినా, నిన్న సాయంత్రం డాక్టరు గారు పిలిచి ఇన్‌చార్జి పని నన్ను చూసుకోమన్నారు," అంది. "నేను సోమవారమే అడిగాను. అన్నయ్య ఎలాగూ అడుగుతారు, ఆయనకే వస్తుంది, అడిగి ఉంచితే ఇంకోసారికి పనికొస్తుందని అడిగాను."

"మరి మీ అన్నయ్య?" అన్నాను.

"డాక్టరు గారు శుక్రవారం సాయంత్రం దాకా ఆగారు. 'ఆయన రాలేదేంటి' అని నన్నే రెండుసార్లు అడిగారు. వచ్చి ఉంటే ఆయనకే ఇచ్చేవాణ్ణని కూడా అన్నారు. అన్నయ్యకి నేనే చెప్పాలని వచ్చాను వదినా, ధైర్యం చాలట్లేదు. మీరే చెప్పండి." ఏడుస్తూ వెళ్లిపోయింది.

నాకు ఆ పిల్ల మీద కోపం రాలేదు. ఎదురుగా ఆ బూడిదరంగు పెట్టె కనిపించింది. నా కోపమంతా దాని మీదికి మళ్లింది. పగలగొడదామనే వెళ్లాను. చేతిలోకి తీసుకున్నాక ఇంకో బుద్ధి పుట్టింది. ఈయనగారు ముప్ఫై ఏళ్లుగా భయపడుతున్న మహానుభావుణ్ణి ఒక్కసారి నేనూ చూస్తాను, ఈ నలుగుర్నీ వాడిచేత చంపించి వస్తాను, పీడా పోతుంది అనుకున్నాను. స్టవ్ మీద పాలు పెట్టి కూర్చున్నాను.

ఇన్నేళ్లు చూశాను కాబట్టి ఏ మీట దేనికో తెలుసు. ఉత్తరానికి నడిపించాను. కోట తలుపుకు తాళం కూడా లేదు. రాక్షసరాజు తెరంతా నిండి, ఏదేదో ప్రగల్భాలు పలికాడు. నాకు వచ్చింది ఒక్కటే, కొట్టడం. కొట్టాను. వాడూ కొట్టాడు, మావాళ్లకు చీమ కుట్టినట్టు కూడా లేదు. మళ్లీ కొట్టాను. మూడోసారికి వాడు వణికి, ముక్కలై, మాయమైపోయాడు. నేను ఇంకో వాడెవడైనా వస్తాడేమోనని చూస్తూ కూర్చున్నాను. ఎవడూ రాలేదు. తెర మీద తెల్లవారింది, పక్షులు ఎగిరాయి, సినిమా చివర్లోలా పేర్లు పడసాగాయి. వంటింట్లోకి పరుగెత్తేసరికి పాలు అప్పుడే పొంగుకొస్తున్నాయి.

ఆయన వచ్చేసరికి ఇంకా పేర్లు పడుతూనే ఉన్నాయి. మెడ మీద వెంట్రుకలు దులుపుకుంటూ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏం చేశావ్?"

"చంపాను."

"నువ్వా?" తెర వైపు చూశాడు. "ఎన్ని అమృతాలు వాడావ్?"

"ఒక్కటీ లేదు. అవసరం పడలేదు."

"ఎంతసేపు పట్టింది?"

"పాలు కాగేలోపు అయిపోయింది," అన్నాను. అదే ఊపులో, ఆగితే ఇక చెప్పలేనని, కొత్తమ్మాయి వచ్చిన సంగతి, డాక్టరు సాయంత్రం దాకా ఆగిన సంగతి, అన్నీ చెప్పేశాను.

ఆయన కుర్చీ కోసం వెతుక్కుని కూర్చున్నాడు. కొత్తగా కత్తిరించిన జుట్టుతో బడిపిల్లాడిలా ఉన్నాడు. తిడతాడేమో, ఏడుస్తాడేమో అనుకున్నాను. తెర వైపే చూస్తూ అన్నాడు.

"అయితే నేను ఎప్పుడో సరిపోయానన్నమాట."

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన ప్రతి మాటకీ నా దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉండేది. దీనికి లేదు. 'నేను మొదట్నుంచీ చెబుతున్నది అదేగా' అనబోయి నోరు మూసుకున్నాను. ఎందుకంటే నేనెప్పుడూ ఆ మాట చెప్పలేదు. పిరికివాడన్నాను, గానుగెద్దన్నాను, చీమల మొగుడన్నాను. మీరు చాలు, మీకు వచ్చిన పని ఇంకెవరికీ రాదు, వెళ్లి అడగండి అని ఒక్కనాడూ అనలేదు. పురుగును కొట్టినప్పుడల్లా ఆ పెట్టె ఆయనకు బాకా ఊది చెప్పింది. ఇంట్లో మనిషిని, నేను చెప్పలేదు. నాకు చాలా సిగ్గేసింది.

ఇప్పుడైనా చెప్పాలనుకున్నాను. దగ్గరికి వెళ్లాను. నోరు తెరిచాను కూడా.

"పాలు చల్లారిపోతున్నాయి," అన్నాను, "తాగండి."