తాళాలమ్మ, నా పెప్పరమెంటు డబ్బా

మా వృద్ధాశ్రమం హెడ్ నర్సుకు తాళం వేయనిదే ఊపిరాడదు. మందుల అలమరకు తాళం, అది ఉన్న గదికి తాళం, తాళంచెవులు మెడలో. వేసిన ప్రతి తాళాన్నీ మూడుసార్లు లాగి చూస్తుంది. ఒకసారి ఆవలించి, నోరు మూశాక, గడ్డం కూడా మూడుసార్లు లాగి చూసుకుంది. నా కళ్లతో చూశాను. అప్పటినుంచి తాళాలమ్మ అనే పిలుస్తున్నాను.

దగ్గు మందు తాళంలో. నొప్పుల తైలం తాళంలో. నా చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు బెత్తాన్ని సైతం బల్లమీద బాహాటంగా ఉంచేవారు.

"నా నిద్రమాత్రలు నా దగ్గరుంటే మీకేంటమ్మా నష్టం?"

"రాత్రి నేనే తెచ్చిస్తున్నాగా తాతగారూ."

"ఈ వయసులో ఒక మాత్ర మింగడానికి మీ పర్మిషన్ కావాలా?"

"మింగడానికి అక్కర్లేదు. దాచుకోవడానికే కావాలి."

లాగింది, లాగింది, లాగింది.

నాకు ఒళ్లు మండింది. ఆవిడ ఇచ్చిన మాత్రను నాలుక కింద పెట్టుకుని, దీపం ఆర్పగానే తలగడ పక్కనున్న ఖాళీ పెప్పరమెంటు డబ్బాలో వేయడం మొదలుపెట్టాను. మాత్ర కోసం కాదు, హక్కు కోసం.

నా గదిలో రెండో మంచం బ్యాండు మాస్టారిది. ఆయనకు మతిమరుపు. తిన్న సంగతి మరిచిపోయి మళ్లీ తింటాడు. తీపంటే ప్రాణం.

ఒక మధ్యాహ్నం స్నానం చేసి వచ్చేసరికి ఆయన నా మంచం మీద కూర్చున్నాడు. ఒళ్లో నా డబ్బా. ఒక బుగ్గ ఉబ్బి ఉంది.

"మాస్టారూ, ఉమ్మేయండి."

"బాగుందండీ. మీరూ ఒకటి వేసుకోండి."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. తాళాలమ్మ కోసం నేను పెట్టిన కేకకు రోడ్డుమీద వెళుతున్న బస్సు ఆగింది. ఇద్దరు దిగారు కూడా.

తాళాలమ్మ మాత్రం నింపాదిగా వచ్చింది.

"అవి పెప్పరమెంట్లే తాతగారూ. మీరు కళ్లు మూయగానే మీ మాత్ర నేను తీసేస్తున్నాను. మాస్టారు రోజూ ఆ డబ్బా తెరుస్తారు. ఖాళీగా ఉంటే చిన్నబుచ్చుకుంటారని నేనే కొనుక్కొచ్చి పోస్తున్నా."

"ఆ ముక్క నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే ఇంకోచోట దాస్తారు."

నిజమే, దాచేవాణ్ణే. అయినా మనిషిని ఇంతగా చదివేయడం మర్యాదేనా?

"మాత్ర లేకుండానే మీ గురక వరండా దాకా వినిపిస్తోంది. ఇక అక్కర్లేదన్నారు డాక్టరుగారు."

అలా నా మాత్రా పోయింది, హక్కూ పోయింది. కనీసం ఓ పెప్పరమెంటైనా దక్కుతుందని డబ్బాలో చెయ్యి పెట్టాను.

"మీకు షుగర్," అని డబ్బా లాక్కుని మాస్టారి చేతిలో పెట్టింది.

ఇంత అన్యాయం లోకంలో ఎక్కడైనా ఉందా? ఇప్పుడు సాయంత్రాలు నాకోసం ప్రత్యేకంగా తెచ్చిన చక్కెర లేని పెప్పరమెంటు ఒక్కటి అరచేతిలో పెడుతుంది. మిగతావి మందుల అలమరలో దాస్తుంది. తాళం మూడుసార్లు లాగి మరీ.