ఉంచు అందా, ఉంచుకో అందా

మా అమ్మను వీధిలో అందరూ కాజాలావిడ అనేవారు. చొక్కాలకు కాజాలు కుట్టడం ఆమె పని. పెళ్ళి కాకముందు నుంచీ బట్టల ఫ్యాక్టరీలో, వరసగా మిషన్లు మోగే పెద్ద హాల్లో కూర్చుని పనిచేసింది. ఆ మోత ఆమె చెవులను తినేసింది. మామూలుగా మాట్లాడితే మాటలో సగం అందేది, మిగతా సగం ఎదుటివాళ్ళ పెదాలు చూసి పట్టుకునేది. పని మాత్రం కళ్ళు మూసుకుని చేయగలదు. ఆమె కుట్టిన కాజా పిగిలిపోయిందన్నవాళ్ళు లేరు. మా చెల్లి నోటికి ఒక బొత్తాం, కాజా కుట్టిపెట్టమని నేను ఎన్నిసార్లు బతిమాలానో! ఆ ఒక్క పనీ చేసిపెట్టలేదు.

మమ్మల్ని పెంచడంలో అమ్మకు ఒక పిచ్చి ఉండేది. పిచ్చి అనే అంటాను, దానివల్ల నా తల బొప్పి కట్టింది కనుక. ఎవరికి ఏమిచ్చినా ఎదురుగా నిలబడి, మొహంలోకి చూసి, "ఉంచుకో" అని చివరి అక్షరం దాకా పలకాలి. నసిగితే మళ్ళీ వెళ్ళి చెప్పి రమ్మనేది. దాంతో మా చెల్లి బళ్ళో ఒక్క గీత గీసుకుంటామని పెన్సిలు అడిగినవాళ్ళకు కూడా "ఉంచుకో" అనేసి, చేతులూపుకుంటూ ఇంటికి వచ్చేది. అమ్మ దాన్ని ఒక్క మాట అనేది కాదు. నా పెన్సిలు రెండు ముక్కలు చేసి ఒకటి దానికి ఇప్పించేది, అది కూడా నా నోటితో "ఉంచుకో" అనిపించి మరీ. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఈ పిచ్చి వెనక ఒక పెద్దావిడ ఉంది. ఫ్యాక్టరీ మొదటిసారి మూతపడిన చలికాలం అది. నాన్న పని వెతుక్కుంటూ ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నాడు, చెల్లి ఇంకా పుట్టలేదు. కింద వాటాలో ఉన్న ఒక్క గదిలో, పగిలిన కిటికీ అద్దానికి అట్టముక్క అడ్డం పెట్టుకుని, అమ్మా నేనూ ఉండేవాళ్ళం. నాకు జ్వరం, ఛాతీ నిండా కఫం. పైగదిలో ఒంటరిగా ఉండే పెద్దావిడకు నా దగ్గు వినిపించింది కాబోలు, ఒక ఉదయం గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి వచ్చింది. బూడిదరంగు ఉన్ని రగ్గు అమ్మ చేతుల్లో పెట్టి, ఏదో అంటూనే వెనక్కి తిరిగింది.

"ఉంచు" అన్నంతవరకే అమ్మకు వినిపించింది. దాని తర్వాత "కో" ఉందో లేదో తెలియదు, అప్పటికే ఆవిడ మొహం అటు తిరిగిపోయింది. ఉంచు అంటే మళ్ళీ తీసుకుంటానని, ఉంచుకో అంటే ఇచ్చేశానని. ఏమన్నారని అడిగితే సరిపోయేది. కానీ చెవుడని తెలిస్తే పనిలో పెట్టుకోరని, ఎవరేమన్నా తలూపడం అమ్మకు అలవాటైపోయింది. ఆవిడకూ తలే ఊపింది.

నాకు కాస్త నెమ్మదించింది. చలి ఇంకా ముదిరింది. రేపు పైకి తీసుకెళ్ళి ఇచ్చేద్దాం అని అమ్మ రోజూ అనుకునేది, నేను దగ్గగానే మళ్ళీ నామీదే కప్పేది. చివరికి ఒక ఉదయం ఇల్లుగలావిడ వెళ్ళి తలుపు తోయించి చూస్తే పెద్దావిడలో ప్రాణం లేదు. ఉన్న చీరలన్నీ చుట్టుకుని, కిటికీ తెర కూడా పీకి పైన కప్పుకుని ఉందట.

అప్పటినుంచి ఆ రగ్గు మా ట్రంకుపెట్టె అడుక్కి పోయింది. మేం గజగజ వణికినా అమ్మ దాన్ని బయటికి తియ్యలేదు. పైగది చాలాకాలం ఖాళీగా ఉంది. పక్కన నిలబడి పిలిచినా పలకని అమ్మ, ఉన్నట్టుండి సూది ఆపి పైకప్పు వైపు చూసేది. "నడుస్తోందే. వినపడట్లా?" అనేది. లేదమ్మా అంటే నమ్మేది కాదు. కొన్నాళ్ళకు నాకూ వినపడటం మొదలైంది. ఆవిడ మెట్లు దిగి వచ్చి, పడుకున్న నా నుదుటి మీద చెయ్యి పెట్టి వేడి ఎంతుందో చూస్తుందని భయపడి చచ్చేదాన్ని. మిగతా పిల్లలకు దయ్యాలంటే భయం. నాకు నన్ను బతికించిన మనిషంటే భయం.

చెల్లి బడికి వెళ్ళే వయసులో మళ్ళీ ఫ్యాక్టరీ మూతపడింది. కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. అలాంటి చలిలో చంటిబిడ్డను ఎత్తుకుని ఒకావిడ పైగదిలో అద్దెకు దిగింది. ఒక సాయంత్రం అమ్మా నేనూ ఇంట్లో కుట్టడానికి చొక్కాల మూట తెచ్చేసరికి ట్రంకుపెట్టె మూత తెరిచి ఉంది. చెల్లి మొహం వెలిగిపోతోంది.

"రగ్గు పైనక్కకిచ్చానమ్మా. పాప వణికిపోతోంది. మొహంలోకి చూసి చెప్పా, ఉంచుకో అక్కా అని. మొత్తం చెప్పా" అంది. అమ్మ మెచ్చుకుంటుందని ఎదురుచూసింది.

అమ్మ చేతిలో మూట జారిపోయింది. "అది మనది కాదే తల్లీ! ఆవిడొచ్చి అడిగితే నేనేం చెప్పనే?" అంటూ మెట్ల వైపు పరిగెత్తింది.

నేను వెంటపడ్డాను. "ఆవిడ పోయి ఎన్నేళ్ళయిందమ్మా! ఇప్పుడు చంటిదాని ఒంటిమీంచి లాక్కొస్తావా?" అని అరిచాను. వినపడలేదో, వినదలుచుకోలేదో, ఆగలేదు. అమ్మ ఆ రగ్గు లాక్కుంటే ఇక ఆమెతో ఎలా మాట్లాడాలో నాకు తెలియలేదు.

పైగది కిటికీకి ఇప్పటికీ తెర లేదు. మూల చాప మీద పాప రగ్గులో నిద్రపోతోంది, ముక్కు ఒక్కటే బయటికి కనిపిస్తోంది. అమ్మ వాలకం చూసి తల్లి హడలిపోయింది.

"తీసుకెళ్ళడానికొచ్చారా అక్కా? చిన్నపిల్ల ఇస్తే తీసేసుకున్నా, తప్పే. ఒక్క నిమిషం" అంటూ పాప మీంచి రగ్గు విప్పబోయింది.

అమ్మ గభాల్న ఆమె చెయ్యి పట్టుకుంది. పాపను చూసింది. "ఉంచు..." అంది. కన్నీళ్ళు కనపడకూడదని మొహం తిప్పేసుకుని గుమ్మం వైపు నడిచింది.

"చల్లగా ఉండాలి అక్కా మీరు. చలి తగ్గగానే తెచ్చిచ్చేస్తా" అంది ఆమె వెనకనుంచి. అమ్మకు వినిపించలేదు.

నేను అమ్మ చెవి దగ్గర నోరు పెట్టి, "తిరిగిచ్చేస్తానంటోందమ్మా" అన్నాను.

"ఎందుకూ? ఉంచుకోమన్నానుగా."

"అనలేదు. ఉంచు అన్నావు. అక్కడే ఆగిపోయావు."

అమ్మ వెనక్కి వెళ్ళి, ఆమె ఎదురుగా నిలబడి, "ఉంచుకో" అని మొత్తం పలికింది. గోడ పట్టుకుని సగం మెట్లు దిగి, అక్కడే కూర్చుండిపోయింది.

నాకు మాత్రం ప్రాణం లేచి వచ్చింది. ఇన్నేళ్ళ చిక్కు విడిపోయిందనిపించింది. పక్కన కూర్చుని, ఆమె మొహం నావైపు తిప్పుకుని, "చూశావా అమ్మా, ఆవిడా నీకు ఇచ్చేసే ఉంటుంది. నీకులాగే మాట పెగల్లేదేమో" అన్నాను.

అమ్మ తలూపింది. ఈసారి విన్నాకే ఊపింది.

"ఇచ్చేసిందే అనుకో" అంది. "అయినా ఆవిడకి చలేసింది కదే."