తొమ్మిదో రోజు స్నానం

1939 వేసవి. గిద్దలూరులో ఒక చిన్న ఆసుపత్రిలో నేను కాన్పుల నర్సును. బేస్తవారిపేట వైపు పల్లె నుంచి మరియమ్మ అనే కూలి పిల్ల తొలికాన్పుకు వచ్చింది. తోడుగా తల్లి శాంతమ్మ వచ్చింది.

ఆడపిల్ల పుట్టింది. నూనె కాగితం చుట్టినట్టు ఒళ్లంతా మెరిసే పొర. కనురెప్పలు బయటికి తిరిగి ఉన్నాయి. మా డాక్టరుగారు ‘కొలోడియన్ బేబీ’ అన్నారు. ఇలాంటి పిల్లల చర్మం ఒంట్లో నీటిని నిలుపుకోలేదట. “పొర దానంతట అదే రాలాలి. కొబ్బరినూనె రాస్తూ ఉండండి, గాలి తేమగా ఉండేలా ఉయ్యాల చుట్టూ తడిబట్టలు కట్టండి” అన్నారు.

ఎనిమిది రోజులు అదే చేశాను. పిల్ల పాలు మింగుతోంది. బతుకుతుందని నాకు ఆశ పుట్టింది. ఆశతో పాటు అజాగ్రత్త పుట్టడం నాకున్న జబ్బు.

ఇంటికి పంపేటప్పుడు మరియమ్మకు చెప్పాను. “స్నానం వద్దు, సున్నిపిండి అసలే వద్దు.” ఆమె తలూపింది. శాంతమ్మ అప్పుడు బండి మాట్లాడటానికి బయటికి పోయింది.

రెండు రోజులకే తిరిగి తెచ్చారు. ఒళ్లంతా పచ్చిపుండు. ఒంట్లో నీరు ఇంకిపోయి మాడు గుంటపడింది.

“ఏం చేసినారు అవ్వా?” అన్నాను.

చర్చికి పోయే ఇల్లే అయినా తొమ్మిదో రోజు పురుడు స్నానం మానరు. “పురుడు పోసినా నర్సమ్మా” అంది శాంతమ్మ. “సున్నిపిండితో రుద్దితే పొరంతా ఊడొచ్చింది. పిల్ల తేటగా అయిందనుకున్నా.”

“వద్దని మరియమ్మకు చెప్పినా కదా.”

మరియమ్మ గోడవైపు తిరిగింది. “బాలింతను, మా అమ్మ నీళ్లు పోస్తా ఉంటే నేనెట్ల వద్దంటా?”

“నాకొక్క మాట చెప్పింటే రుద్దుతానా తల్లీ?” అంది శాంతమ్మ నావైపు చూసి. సాయంత్రానికి పిల్ల పోయింది.

నేను ఉద్యోగం మానేసిన చాలా ఏళ్లకు ఒక యువ వైద్యురాలు కారణం చెప్పింది. రాతిగోడ సందుల్లో మట్టిలా చర్మకణాల మధ్య కొవ్వు ఉంటుందట. అందులో ముఖ్యమైనది సెరమైడ్. ఇలాంటి పిల్లల్లో కొందరికి అది సరిగా తయారుకాదు, నీరంతా ఆవిరైపోతుంది. అదే సెరమైడ్ కణం లోపల మితిమీరితే కణాన్ని చావమంటుందట. ఈ కారణం తెలియకున్నా, పిల్ల బతకడానికి తెలియాల్సింది మాకు ఆనాడే తెలుసు. అది చేరాల్సిన మనిషికి నేను చేర్చలేదు.

ఆ పిల్ల పోయిన తర్వాత ఏ బిడ్డను ఇంటికి పంపినా ముందు ఒకటే అడిగేదాన్ని, నీళ్లు పోసేది ఎవరని. ఆమెను పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టి చెప్పేదాన్ని.

మరియమ్మ రెండో కాన్పుకు ఒంటరిగా వచ్చింది. అమ్మ ఏదంటే, “బిడ్డను ముట్టుకోనంటది నర్సమ్మా” అంది. తప్పు నాది, శిక్ష శాంతమ్మ వేసుకుంది.