ప్రార్థన మానేసిన ఇల్లు

మా నాన్న రంగం నుంచి నడిచి వచ్చాడు. రంగం అంటే బర్మాలోని రంగూను పట్నం. నా చిన్నప్పుడు కోనసీమలో కూలి దొరకని వాళ్ళు కాకినాడ రేవులో ఓడెక్కి రంగం పోయేవారు. అక్కడ బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసేవారు. నాన్న ముందు ఒక్కడూ వెళ్ళాడు, తరవాత వచ్చి అమ్మని తీసుకెళ్ళాడు. మిషను బడి మాన్పించడం ఇష్టంలేక నన్ను మాత్రం అమ్మమ్మ దగ్గర ఉంచేశారు.

అమలాపురానికీ రాజోలుకీ మధ్య కాలవగట్టున మా పేట ఉండేది. అమ్మమ్మ తండ్రి కాలంలోనే పేటంతా క్రైస్తవులయ్యారు. అమ్మమ్మకి చదువు రాదు గానీ వాక్యం నోటికి వచ్చు. మా నాన్న ఆవిడకి సొంత తమ్ముడు. తల్లి చిన్నప్పుడే పోతే ఆవిడే పెంచింది, పెద్దవాడయ్యాక తన కూతుర్నే ఇచ్చి చేసింది. మేనమామకిచ్చే వాడుక మావాళ్ళలో మతం మారాక కూడా పోలేదు. మిషను దొరలకి అది నచ్చేది కాదు, అయినా జరిగిపోయేవి. అంచేత మా నాన్న అమ్మమ్మకి తమ్ముడూ, అల్లుడూ కూడా. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, తరవాత జరిగిన దానిలో ఆవిడ ఏ పక్కా నిలబడలేకపోయింది.

జపానువాళ్ళతో యుద్ధం మొదలైన ఏడు, క్రిస్మసు ముందు రంగం మీద బాంబులు పడ్డాయని కబురొచ్చింది. ఓడలు ఆగిపోయాయి. జనం కొండలూ అడవులూ పట్టుకుని ఇండియాకి నడిచి వస్తున్నారని చెప్పుకున్నారు. అమ్మమ్మ రోజూ మందిరానికి వెళ్ళి చాప మీద బోర్లా పడి ప్రార్థన చేసేది. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం గుమ్మం ముందు ఒక మనిషి నిలబడ్డాడు. ఎవరో ముష్టివాడనుకుని నేను లోపలికి పరిగెత్తి అమ్మమ్మని పిలిచాను. ఆవిడ బయటికొచ్చి ఆ మనిషి మొహం చూసింది, తరవాత అతని వెనక దారి చూసింది. దారిలో ఎవరూ లేరు.

"అమ్మాయేదిరా?" అంది.

నాన్న అరుగు మీద కూలబడిపోయాడు. "కొండల్లో జొరం వచ్చిందక్కా. పోయింది" అన్నాడు.

మర్నాడు మందిరంలో పెద్దలందరి ముందూ మొత్తం చెప్పాడు. కూడా నడిచినవాళ్ళలో మనవాళ్ళు ఉన్నారని, గొయ్యి తీసి మట్టి చేశారని, ఒకాయన వాక్యం చదివాడని, వెదురు బద్దలతో సిలువ కట్టి పాతారని. ఆడవాళ్ళు ఏడ్చారు. అమ్మమ్మ కూడా ఏడ్చింది గానీ ఆ ఏడుపులో కొంచెం నెమ్మది ఉంది. దారి పొడుగునా శవాల్ని కుక్కలు పీక్కుతింటున్నాయని ఆవిడ అప్పటికే విని ఉంది. తన కూతురికి అలా కాలేదు.

అప్పటినుంచి మా ఇంట్లో అన్నం ముందు ప్రార్థనలో ఒక మాట చేరింది. "పరాయి దేశంలో నా బిడ్డకి మట్టి దక్కించినందుకు స్తోత్రం తండ్రీ" అనేది అమ్మమ్మ, పూటపూటకీ. మొదట్లో నాన్న తల వంచుకుని వినేవాడు. కొన్నాళ్ళకి, ఆవిడ కళ్ళు మూసుకోగానే అన్నంలో చెయ్యి పెట్టేసేవాడు. ప్రార్థన సాగుతుంటే ముద్దలు మింగుతుండేవాడు. నేను కళ్ళు సగం తెరిచి చూసేదాన్ని. తరవాత మాతో కలిసి తినడమే మానేశాడు.

రంగం వెళ్ళకముందు మందిరంలో పాట ఎత్తుకునేవాడు నాన్న. ఆయన గొంతు కాలవ అవతలికి వినిపించేదని చెప్పుకునేవారు. ఇప్పుడు ఆదివారాలు కూడా తోటల్లో కాయలు ఒలిచేవాడు. నేలలో పాతిన గునపం మొన మీద కొబ్బరికాయ గుచ్చి, ఒంటి బరువంతా వేసి పైనున్న పీచు డొక్క తిప్పి లాగాలి. పొద్దుట మొదలెడితే దీపాల వేళకి గానీ ఆగేవాడు కాదు. పేటలో పెద్దలు ఇద్దరు ఆయన్ని చూడ్డానికి తోటలోకే వచ్చారు. నేను అన్నం క్యారేజీ పట్టుకుని అక్కడే ఉన్నాను.

"ఏమయ్యా, ఆరాధనకి రావడం లేదేంటి?" అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

"ఆయ్, రావట్లేదండి."

"ప్రభువు దినాన పని చేస్తున్నావంట?"

"ఆయ్, చేస్తున్నానండి."

"ఇలాగైతే నిన్ను ప్రభువు బల్లకి దూరం పెట్టాల్సొస్తుంది. రొట్టె, పాత్ర నీకు ఇవ్వకూడదు మరి."

"ఆయ్, అలాగే పెట్టండి" అన్నాడు నాన్న, ఇంకో కాయ అందుకుంటూ.

వాళ్ళు వెళ్ళిపోయారు. భార్య పోయిన దుఃఖంతో దేవుడి మీద కోపం వచ్చిందని పేటంతా అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను.

యుద్ధం అయిపోయాక ఒక వేసవిలో సంగతి బయటపడింది. అమ్మమ్మ కాలవగట్టున కూర్చుని నానిన డొక్కలు కర్రతో కొట్టి పీచు తీస్తోంది. నేను పక్కన పీచు ఆరబెడుతున్నాను. నాన్న కొత్త డొక్కల మోపు తెచ్చి నీళ్ళ గుంటలో దించుతున్నాడు. ముందు ఆదివారం మందిరంలో పునరుత్థానం గురించి ప్రసంగం జరిగింది. అమ్మమ్మ మనసు ఇంకా దాని మీదే ఉంది.

"ఒరే తమ్ముడూ, నాకూ రోజులు దగ్గర పడుతున్నాయి" అంది. "కడబూర మోగిన్నాడు నేనీ పేటలోంచి లేస్తాను, అది ఆ కొండల్లోంచి లేస్తుంది. దాన్ని పెట్టిన చోటు ఎలా ఉంటుందో ఒక్కసారి చెప్పరా. ఏరు పక్కనా? చెట్టు కిందా? కళ్ళు మూసుకుంటే కనపడాలి నాకు."

నాన్న నీళ్ళలో మోకాలి లోతున అలాగే నిలబడ్డాడు.

"సమాధి లేదక్కా" అన్నాడు.

అమ్మమ్మ కర్ర ఆపింది.

"జొరం కాదు, కలరా. నడవలేకపోయింది. కొంత దూరం మోసేను. నా వల్ల కాలేదు. కూడా వచ్చినవాళ్ళు ఆగలేదక్కా. వాళ్ళని తప్పిపోతే ఆ కొండల్లో దారి తెలీదు. చెట్టు కింద కూర్చోబెట్టి ముంతలో ఉన్న నీళ్ళు దగ్గర పెట్టేను. బతికే ఉంది. మాట్లాడతానే ఉంది. నేను వెళ్తంటే పిలిచింది. మావయ్యా, మావయ్యా అని పిలిచింది. మొదట తిరిగి చూసేను. తరవాత చూళ్ళేదు. చాలా దూరం వినపడింది."

పెళ్ళయ్యాక కూడా అమ్మ ఆయన్ని మావయ్యా అనే పిలిచేదని నాకు ఆరోజే తెలిసింది.

అమ్మమ్మ ఏడవలేదు, తిట్టలేదు. కాలవలోకి దిగి చేతులు కడుక్కుంది. ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించింది. అన్నం వండి ముగ్గురికీ వడ్డించింది. చాలా కాలం తరవాత నాన్న కూడా ఆ పూట మాతో కూర్చున్నాడు, లేచి వెళ్ళడానికి కాళ్ళు రాక. నేను అలవాటు ప్రకారం చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాను. ఏ మాటా వినపడలేదు. కళ్ళు తెరిస్తే ఆవిడ కంచంలోకి చూస్తోంది.

"తినండి" అంది.

ఆ రోజుతో మా ఇంట్లో ప్రార్థన ఆగిపోయింది. అమ్మమ్మ మందిరానికి వెళ్ళడం కూడా మానేసింది. ఎవరడిగినా మోకాళ్ళ నొప్పులని చెప్పేది. అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. నన్నూ చెప్పొద్దని అనలేదు, కానీ నేనూ చెప్పలేదు. తమ్ముణ్ణి ఇంట్లోంచి పొమ్మనలేదు. అతనితో మాట్లాడనూ లేదు. వేళకి కంచం పెట్టి పక్కకి జరిగేది. ఒకే కప్పు కింద ఆ ఇద్దరూ ఏళ్ళ తరబడి అలాగే బతికారు. ఆవిడ మాట్లాడకపోవడం కంటే ప్రార్థన మానేయడమే ఆయన్ని ఎక్కువ నలిపేసిందని నాకనిపిస్తుంది. తన వల్ల పోయినవాటిలో అదొకటి చేరింది.

నేను ఆదివారాలు ఒక్కదాన్నే మందిరానికి వెళ్ళేదాన్ని. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని ఎవరి కోసం ప్రార్థన చేయాలో తెలిసేది కాదు. నాన్న కోసం చేద్దామంటే చెట్టు కింద అమ్మ గుర్తొచ్చేది. అమ్మ కోసం చేద్దామంటే ఆ చెట్టు కింద అమ్మ కూడా ప్రార్థన చేసే ఉంటుంది కదా అనిపించేది. చేస్తే ఏమైంది? ఆ ప్రశ్న నన్ను టీచరు ట్రైనింగులో కూడా వదల్లేదు. అక్కడ పొద్దుటే అందరం కలిసి పాడేవాళ్ళం. నా పెదాలు కదిలేవి. లోపల ఖాళీ ఇంట్లో మాట్లాడినట్టు ఉండేది. అలాంటి ఖాళీతోనే సర్టిఫికెట్టు తీసుకుని, కొత్తపేట దగ్గర ఒక మిషను బడిలో చేరి పిల్లలకి బైబిలు కథలు చెప్పడం మొదలుపెట్టాను. తప్పిపోయిన గొర్రె కథ చెబుతున్నప్పుడు ఒక పిల్ల, "ఆ గొర్రె చచ్చిపోయాక దొరికితేనో టీచరుగారండీ?" అని అడిగింది. కూర్చోమన్నాను.

నాన్నకి దగ్గు పట్టుకుంది. మొదట పీచు దుమ్మనుకున్నాం. తరవాత నెత్తురు పడింది. మిషను ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచి, ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నేను సెలవు పెట్టి వచ్చాను. మనిషి ఎముకల గూడై నులకమంచానికి అంటుకుపోయాడు. క్షయ అంటుకుంటుందని పేటలోవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోయేవారు. అమ్మమ్మ మాత్రం తల తొడ మీద పెట్టుకుని గంజి పోసేది. అప్పుడూ మాట్లాడేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం వాన పడుతోంది. ఆవిడ గంజి పోసి మూతి తుడుస్తుంటే నాన్న ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, నాకు రక్షణ ఉందంటావా?"

ఆవిడ చెయ్యి విడిపించుకోలేదు. పలకదేమో అనుకున్నాను.

"నన్నడుగుతావేంట్రా" అంది చివరికి. ఆవిడ గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నేను నిన్ను క్షమించలేదు. చేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. దాని పిలుపు చెవిలో పడేది, మళ్ళీ మొదటికొచ్చేది. నా వల్ల కాలేదు. నా వల్ల కానిది ప్రభువు వల్ల అవుతుందేమో, ఆ ఒక్క ఆశే మిగిలింది నాకు. అది కూడా లేకపోతే నిన్నీ గుమ్మం ఎక్కనిచ్చేదాన్నా? ఆయన్నే అడుగు."

"ఎలా అడగనక్కా. అది పిలుస్తుంటే నేను పలకలేదు. ఇప్పుడు నేను పిలిస్తే ఆయన ఎందుకు పలుకుతాడు?"

"ఆయన నువ్వు కాదు గదరా" అంది అమ్మమ్మ.

కటువుగానే అంది. అన్నాక తనే ఆ మాట విన్నట్టు ఆగిపోయింది. ఆవిడ మొహం ఒక్కసారిగా ఏడుపుతో ముడుచుకుపోయింది. కూతురు పోయిందన్న రోజున గానీ, కాలవగట్టు మీద గానీ అలా చూడలేదు నేను. గంజి గిన్నె కింద పెట్టి, తమ్ముడి తల రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకోకుండానే పైకి చూసింది.

"తండ్రీ, వీడు పిలుస్తున్నాడు. పలుకు. నా బిడ్డ పిలిచినప్పుడు పలికేవో లేదో నాకు తెలీదు. పలికే ఉంటావని నమ్మాలని చూస్తున్నాను. వీడికి పలుకు."

అంతే. నాన్న పెదాలు కదిలాయి. ఏమన్నాడో నాకు వినపడలేదు. వాన చూరు మీద గట్టిగా పడుతోంది.

ఆ తరవాత ఎక్కువ రోజులు బతకలేదు. ముఖంలో ప్రశాంతత వచ్చిందని, నవ్వుతూ పోయాడని చెప్పాలని నాకూ ఉంటుంది. కానీ దగ్గు చివరిదాకా వదల్లేదు, భయం కూడా పూర్తిగా వదిలినట్టు కనపడలేదు. ఒకసారి మాత్రం, "అక్కడ నా మొహం చూస్తుందంటావా?" అని అమ్మమ్మని అడిగాడు. ఎవరి గురించో చెప్పక్కర్లేదు. "నా కడుపున పుట్టింది, నాకన్నా మంచిది. చూస్తుందిలే" అంది ఆవిడ.

బల్లకి దూరం పెట్టిన మనిషని పెద్దలు మొదట వెనకాడారు. అమ్మమ్మ వెళ్ళి, "చివర్లో ప్రభువుని పిలిచేడండి. నేను విన్నాను" అంది. విన్నదో లేదో నాకు తెలీదు. వాళ్ళు వచ్చి పాట పాడి, మట్టి ఇచ్చారు. ఆ మట్టి పడుతున్నంతసేపూ ఆవిడ ఇంకో చోటిని చూస్తున్నట్టు కళ్ళు ఎక్కడో పెట్టుకుని నిలబడింది.

తరవాతి ఆదివారం నుంచి అమ్మమ్మ మళ్ళీ మందిరానికి రావడం మొదలుపెట్టింది. అందరికీ వెనక, గోడకి ఆనుకుని కూర్చునేది. రొట్టె పళ్ళెం దగ్గరికొస్తే చెయ్యి చాపకుండా పక్కవాళ్ళకి జరిపేసేది. నేనొకసారి అడిగితే, "ఇంకా అవలేదే. లోపల పెట్టుకుని ఎలా ముట్టుకోను" అంది. చచ్చిపోయిన తమ్ముణ్ణి క్షమించడానికి ఆవిడ అలా బతికున్నన్నాళ్ళూ పాటు పడింది. అది చూశాకే నాకు రక్షణ మీద మళ్ళీ ఆశ పుట్టింది. అంత కష్టమైన పనిని ఎవరో ఒకరు మా అందరి కోసం పూర్తిచేసి ఉండకపోతే మాకు వేరే దారి లేదనిపించింది. నమ్మకం అనడానికి ఇప్పటికీ కొంచెం జంకుతాను. ఆశ అంటాను.

ఆవిడ పోవడానికి ముందు వర్షాకాలంలో ఒక ఆదివారం నేను పక్కనే కూర్చున్నాను. పళ్ళెం వచ్చింది. జరపడానికి నేను చెయ్యి పెట్టేలోగా ఆవిడ రొట్టె తుంచుకుంది. చిన్న ముక్క. నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. తిరిగి వస్తుంటే గట్టంతా బురద. నా భుజం పట్టుకుని నడుస్తూ, పంచాయితీవాళ్ళు ఈ దారికి ఇంత ఇసకైనా పోయించరని దారి పొడుగునా తిట్టింది.