రెండు రోజులు తీసేసిన లాక్

ఇన్నేళ్లుగా గుండె మీద బరువుగా మోస్తున్న మాట ఇది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ఎనభైల నాటి సంగతి. చిత్తూరులో, ఉద్యోగాల కోసం వచ్చేవాళ్ల పేర్లు నమోదు చేసే ఒక ఆఫీసుకు కొత్తగా కంప్యూటర్ వచ్చింది. ప్రోగ్రాం రాసింది నేను. ఇద్దరమ్మాయిలు రెండు టెర్మినళ్ల దగ్గర కూర్చుని ఒకే జాబితాలోకి పేర్లు ఎక్కించేవాళ్లు. ప్రతి పేరూ తన తర్వాతి పేరు ఎక్కడుందో చూపిస్తుంది, గొలుసులో లింకులాగా. ఇద్దరూ ఒకేచోట ఒకేసారి లింకు మారిస్తే ఒక పేరు జారిపోతుంది. అలా కాకుండా లాక్ పెట్టాను. ఒకరు మారుస్తుంటే రెండోవాళ్లు ఆగాలి.

అలా ఆగడం వల్ల పని నత్తనడక నడుస్తోందని ఆఫీసరు సణిగాడు. పేరుకుపోయిన దరఖాస్తులు అయ్యేదాకా, రెండు రోజులు లాక్ తీసేశాను. పని పరుగెత్తింది. ఆయన మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా. ఏమవుతుందో తెలియదా నాకు? తెలుసు. తెలిసే తీశాను.

తర్వాతి నెలలో ఒకాయన వచ్చి, తనకు ఇంటర్వ్యూ కార్డు రాలేదని గొడవపడ్డాడు. జాబితాలో ఆయన పేరు లేదు. ఆ దరఖాస్తు ఎక్కించాల్సింది ఆ ఇద్దరమ్మాయిల్లో ఒకరైన రాజేశ్వరి. ఐరాల నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఇంట్లో సంపాదన ఆమెదొక్కటే. ఆ నెలలోనే ఉద్యోగం పర్మినెంటు కావాలి. ఎక్కించగానే దరఖాస్తు మీద ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టడం ఆమెకు అలవాటు. ఆ టిక్కే చూపించింది. ఇప్పుడు పెట్టుకుని వచ్చావన్నాడు ఆఫీసరు.

ఆమె నా వైపు తిరిగింది. "నేను ఎక్కించినానన్నా. మీరైనా సెప్పండి. మిషన్లో యాడన్నా పోయుంటాదేమో సూడండి."

"మిషన్లో యాడికీ పోదమ్మా. నువ్వే మర్సిపోయుంటావు," అన్నాను.

అప్పటికే నేను డిస్కంతా వెతికాను. ఆ పేరు అక్కడే ఉంది. దాన్ని చూపించే లింకు మాత్రం లేదు. ఆ సంగతి తెలిసే ఆ మాటన్నాను. సాయంత్రం ఆ పేరును డిస్కు మీంచి పూర్తిగా చెరిపేశాను.

ఆ వారమే ఆమెను పంపేశారు. వెళ్తూ నాకు నమస్కారం పెట్టింది.

భయపడ్డానా? భయం కంటే, నా ప్రోగ్రాంలో తప్పుందని నలుగురూ అనుకుంటారన్న నామోషీ ఎక్కువేమో. ఐరాల ఎంత దూరమని? ఒక్కసారైనా వెళ్లలేదు. ఇప్పుడు ఆమె ఎక్కడుందో, ఏం చేసి బతికిందో కూడా తెలియదు.

క్షమించమని అడగడం లేదు. మీరు క్షమిస్తే ఆమెకు ఒరిగేదేముంది? ఈ నాలుగు ముక్కలు రాసేసరికి కాస్త ఊపిరి ఆడుతోంది, అంతే. ఆ పేరు రాజేశ్వరి ఎక్కించింది. పోగొట్టింది నేను. చెరిపిందీ నేనే.